మావయ్యగారు ఏదో గొణిగారు, బంతి గుంతలో పడింది. ఇది మోసం కిందికొస్తుందా?

దోమ్లూరు ప్రసాదు | ఆదివారం రాత్రి 8:50

అందరికీ నమస్కారం. ఇవాళ పొద్దున జరిగిన గొడవ ఒకటి మీరే తేల్చాలి.

మేం నలుగురం, ఒకే ఆఫీసు. ఆదివారం తెల్లారగట్లే బెంగళూరు ట్రాఫిక్ లేవకముందే వెళ్ళి గోల్ఫ్ ఆడతాం. ఓడినవాడు నలుగురి టిఫిన్ బిల్లు కట్టాలి, అంతే పందెం. ఇవాళ చివరి హోల్‌కి వచ్చేసరికి నాకూ మా టీమ్ లీడ్‌కీ స్కోరు సమానం. అతను ఐదు దెబ్బల్లో ముగించాడు (తక్కువ దెబ్బలవాడిదే గెలుపు). నాకు నాలుగో దెబ్బగా పట్, అంటే గుంతలోకి దొర్లించే దెబ్బ, మిగిలింది, పన్నెండడుగుల దూరం. కొట్టాను. బంతి బుద్ధిగా దొర్లుకుంటూ వెళ్ళి గుంత అంచున ఆగింది. ఎంత అంచునంటే, సగం బంతి గాల్లోనే ఉంది. దగ్గరికెళ్ళి వంగి చూస్తే బంతి మీది 3 అంకె నా వైపే చూస్తోంది. కదలదు.

మా మావయ్యగారు, అంటే మా ఆవిడ నాన్నగారు, వారం క్రితం రాజమండ్రి నుంచి వచ్చారు. సంస్కృతం లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఆట చూస్తానని నా గొడుగు పట్టుకుని పద్దెనిమిది హోల్సూ నడిచారు. ఆ సమయానికి ఆయన గ్రీన్ (గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) పక్కన నిలబడి, తల దించుకుని, కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని పెదాలు కదుపుతున్నారు. చూస్తూ ఉండగానే బంతి టక్కున గుంతలో పడింది.

"అంకుల్ మంత్రం వేశారు, ఇది చెల్లదు" అన్నాడు మా లీడ్. నవ్వులాటకి అన్నాడనుకున్నా. టిఫిన్ దగ్గర బిల్లు వచ్చేసరికి మొహం మారింది. మావయ్యగార్ని అడిగితే "అది నేను చెప్పకూడదు బాబూ" అని చట్నీ ఇంకొంచెం వేయించుకున్నారు. దాంతో అనుమానం ఇంకా ముదిరింది.

నా ప్రశ్న ఒక్క ఇవాళ్టి గురించే కాదు. నిజంగానే ఒక మనిషికి అలాంటి శక్తి ఉంది, దాన్ని గోల్ఫ్‌లో వాడాడు అనుకుందాం. అది మోసమా, ప్రతిభా?

బంకర్ బుజ్జి | 8:58

మీ మావయ్యగారు వచ్చే ఆదివారం ఖాళీయేనా అన్నా? మా ఏడో హోల్ ఇసుక బంకర్లో నాకు చాలా కాలంగా ఒక సమస్య ఉంది.

హెచ్చెస్సార్ హరి | 9:05

శక్తులు లేవు. కాబట్టి మోసమూ లేదు. థ్రెడ్ క్లోజ్.

మోడరేటర్ | 9:07

క్లోజ్ చేసేది మేం హరి గారూ.

నిబంధనల నరసింహం | 9:41

హరి గారూ, ఉందా లేదా అన్నది వేరే గొడవ. ఉందనుకుంటే రూల్స్ ఏమంటాయో చూద్దాం. చిన్న చిన్న అమెచ్యూర్ పోటీలకి రూల్స్ చూసేవాణ్ణి, నాకిది భలే ఇష్టమైన సబ్జెక్టు.

గోల్ఫ్ రూల్స్ పెట్టే సంస్థలు ఆర్ అండ్ ఏ, యుఎస్‌జీఏ కలిసి రాసే రూల్స్ పుస్తకాన్ని 2019లో బాగా మార్చారు, 2023లో మళ్ళీ సవరించారు. ఎంత వెతికినా అందులో మంత్రం అన్న మాట కనబడదు. కానీ రూల్ 11 ఉంది. కదులుతున్న బంతిని ఆటగాడు కావాలని మళ్ళించినా, ఆపినా శిక్ష, స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే ఆటలో) అయితే రెండు స్ట్రోకులు. చేత్తో మళ్ళించావా, కంటిచూపుతో మళ్ళించావా అని అది అడగదు. ఆగి ఉన్న బంతిని కావాలని కదిలిస్తే రూల్ 9.4, ఒక స్ట్రోకు శిక్ష, బంతిని తిరిగి ఉన్నచోటే పెట్టాలి. పాత రూల్స్ వివరణల్లో గుంత పక్కన ఎగిరి దూకి అంచున ఉన్న బంతిని పడేసేవాడి ప్రస్తావన కూడా ఉండేది. అతనికీ శిక్షే. నేలని కాళ్ళతో అదిరించినా మనసుతో అదిరించినా నా లెక్కలో ఒకటే.

అయితే ప్రసాదు గారి కేసులో మెలిక ఏమిటంటే, గొణిగింది ఆటగాడు కాదు. మావయ్యగారు క్లబ్బులు (ఆడే కర్రలు) మోయలేదు, సలహా చెప్పలేదు. కాబట్టి క్యాడీ కూడా కాదు. ఆయన రూల్స్ భాషలో 'బయటి ప్రభావం'. కుక్క వచ్చి బంతిని ముట్టె పెట్టి నెట్టినట్టన్నమాట (పెద్దాయన క్షమించాలి). అలాంటప్పుడు ఎవరికీ శిక్ష లేదు, బంతిని మళ్ళీ అంచున పెట్టి ఆడాలి. కానీ అలా జరిగిందని తెలిసి ఉండాలి, లేదా దాదాపు ఖాయమై ఉండాలి. దాదాపు ఖాయం అంటే ఎంతో కూడా పుస్తకంలోనే ఉంది: కనీసం 95 శాతం.

పెదాలు కదిలినంత మాత్రాన 95 శాతం ఎవరిస్తారు?

దోమ్లూరు ప్రసాదు | 9:46

మా లీడ్ దగ్గర 100 ఉంది సార్.

నిబంధనల నరసింహం | 9:52

ఆయన బిల్లు కట్టినవాడు, ఆయన శాతం చెల్లదు. అన్నట్టు అడగడం మరిచా. మీరు గుంత దగ్గరికి చేరాక బంతి ఎన్ని సెకన్లకి పడింది? రూల్ 13.3 ప్రకారం దగ్గరికి నడిచి వెళ్ళడానికి తగినంత సమయం, ఆ పైన పది సెకన్లు ఆగొచ్చు. అప్పటికీ పడకపోతే బంతి ఆగిపోయినట్టు లెక్క.

దోమ్లూరు ప్రసాదు | 9:55

ఏడెనిమిది ఉంటుందేమో. ఆ టెన్షన్‌లో ఎవరు లెక్కపెట్టారు సార్!

కావలి కరుణ | 10:20

నాకు గోల్ఫ్ రాదు, ఫార్మసీలో పనిచేస్తాను. అందుకని మందుల వైపు నుంచి ఒక మాట.

బీటా బ్లాకర్లని బీపీకీ, గుండెకీ వాడే మందులున్నాయి. డోపింగ్‌ని అరికట్టే వాడా సంస్థ నిషేధ జాబితాలో ఇవి అన్ని ఆటలకీ నిషేధం కాదు. పరుగుపందెం వాడికి వాటితో ఒరిగేదేం లేదు. విలువిద్య, షూటింగ్, బిలియర్డ్స్, గోల్ఫ్ లాంటి కొన్నింటికే నిషేధం. గోల్ఫ్‌లో పోటీ జరిగేటప్పుడు వాడకూడదు. కారణం తేలికే: గుండె దడ తగ్గుతుంది, చెయ్యి వణకదు. పట్ కొట్టేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు ఒకాయన ముప్పై ఏళ్ళు ప్రాణాయామం చేసి అదే నిలకడ తెచ్చుకున్నాడనుకోండి. ఎవరూ నోరెత్తరు, పైగా చప్పట్లు కొడతారు. గోల్ఫ్ ఆటగాడు అనిర్బన్ లాహిరి విపశ్యన ధ్యానం చేస్తానని బాహాటంగానే చెప్పాడు, ఎవరైనా తప్పుపట్టారా? అంటే తప్పు చెయ్యి వణక్కపోవడంలో లేదు, అది ఏ దారిన వచ్చిందన్న దాంట్లో ఉంది.

బంకర్ బుజ్జి | 10:27

దారే ముఖ్యమైతే తపస్సు కూడా దారే కదా మేడమ్? పన్నెండేళ్ళు ఒంటికాలి మీద నిలబడి వరం తెచ్చుకున్నవాడిది కష్టం కాదా? రేంజ్‌లో నెలకి రెండు బకెట్ల బంతులు కొట్టే నాకంటే వాడే ఎక్కువ ప్రాక్టీస్ చేశాడు.

కావలి కరుణ | 10:31

అదీ నిజమే. నా దగ్గర జవాబు లేదు. పడుకుంటున్నా.

నిబంధనల నరసింహం | 10:44

కరుణ గారు చెప్పినదానికి దగ్గరగా ఒక రూల్ ఉంది, చాలామందికి తెలియదు. చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మామూలుగా పాటలు వినొచ్చు. అదే చుట్టూ ఉన్న గోల వినబడకుండా ఉండటానికో, స్వింగ్ లయ కుదరడానికో వింటే తప్పు. మొదటిసారి రెండు స్ట్రోకులు, రెండోసారి పోటీ నుంచే అవుట్. అంటే ఏకాగ్రత కోసం స్తోత్రం వింటూ పట్ కొడితే నేరం. అదే స్తోత్రం మీరే నోట్లో చదువుకుంటే నేరం కాదు. నవ్వొచ్చినా ఇందులో ఒక తర్కం ఉంది. సామాను విషయంలో ఆ పుస్తకం పట్టుకున్న సూత్రం ఏమిటంటే, ఆటకి ప్రాణమైన నైపుణ్యం అవసరం లేకుండా చేసే వస్తువు ఏదీ వాడకూడదు. 'వస్తువు' అన్న మాట గమనించండి. సిద్ధి వస్తువు కాదు.

అక్షహృదయం | 11:30

చెన్నై నుంచి. వేళచ్చేరిలో ఉంటాం. గిండీ రేసుకోర్సు లోపలి గోల్ఫ్ మైదానం దారిన పోతూ చూడ్డమే తప్ప నేను కర్ర పట్టింది లేదు. కానీ ఈ ప్రశ్న పాతది, జవాబు భారతంలోనే ఉంది. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

పందెం, మాయ అనగానే మనకి శకుని గుర్తొస్తాడు. వాణ్ణి పక్కన పెట్టండి. ముందు ఆదిపర్వంలో కద్రువ, వినతల పందెం చూడండి. ఉచ్చైశ్రవం తోక నల్లన అని కద్రువ, గుర్రం మొత్తం తెల్లన అని వినత. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి దాసి. కద్రువ పాములైన తన కొడుకుల్ని పిలిచి తోకకి చుట్టుకుని నల్లగా కనబడమంది. ఒప్పుకోని వాళ్ళకి సర్పయాగంలో కాలిపొమ్మని శాపం. భయపడి తోకకి వేలాడినవాడు కర్కోటకుడు. ఇది మోసమని చెప్పడానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు. ఏ గుర్రం మీద పందెం కాశారో ఆ గుర్రాన్నే మార్చేసింది కదా.

ఇప్పుడు నలుడి కథకి రండి. మొదటి జూదంలో కలి నలుణ్ణి ఆవహించాడు, ద్వాపరుడు పాచికల్లో దూరాడు. నలుడు రాజ్యం పోగొట్టుకున్నాడు. అది మోసమే, ఒప్పుకుంటాం. తర్వాత అడవిలో ఇదే కర్కోటకుడు కాటేసి నలుణ్ణి కురూపి బాహుకుడిగా మార్చాడు. బాహుకుడు ఋతుపర్ణుడికి రథం తోలుతూ విదర్భకి పోతుంటే, దారిలో తాండ్రచెట్టు చూసి ఋతుపర్ణుడు రథం ఆగకుండానే ఆకులెన్ని, కాయలెన్ని అని లెక్క చెప్పాడు. నలుడు నమ్మలేదు. రథం ఆపి, దిగి, ఎంచి చూసుకున్నాడు. లెక్క సరిపోయింది! అప్పుడు తనకి తెలిసిన అశ్వహృదయం, అంటే గుర్రాల విద్యకి బదులుగా ఆయన దగ్గర అక్షహృదయం, అంటే పాచికల విద్య నేర్చుకున్నాడు. ఆ విద్యతోనే మొదట తనని ఓడించిన పుష్కరుడి మీద మళ్ళీ జూదమాడి రాజ్యం గెలుచుకున్నాడు. ఇదీ మానవాతీతమైన శక్తే. కానీ రెండో జూదం మోసమని ఎవరూ అనలేదు.

ఎందుకనలేదు? మొదటి ఆటలో శక్తి పాచికల్లో ఉంది. రెండో ఆటలో శక్తి ఆడేవాడి బుర్రలో ఉంది. నలుడు తానే నేర్చుకున్నాడు, బదులుగా తన విద్య ఒకటి ఇచ్చుకున్నాడు కూడా. గోల్ఫ్‌కి ఇదే వర్తిస్తుంది. శక్తి బంతిలోనో గ్రీన్‌లోనో దూరితే కద్రువ పని. ఆడేవాడి కంట్లో, చేతిలో ఉంటే నలుడి విద్య.

హెచ్చెస్సార్ హరి | సోమవారం ఉదయం 7:15

బాగుంది. నమ్మకపోయినా బాగుంది. ఓ ఆర్గ్యుమెంట్‌గా తీసుకుంటే ఒక చిక్కు. అంజనం వేసి పోయిన వస్తువు చూస్తారంటారు కదా, తమలపాకు మీద నల్లగా రాసి. అలా పోయిన బంతి ఎక్కడుందో చూస్తే? శక్తి చూసేవాడి కంట్లోనే ఉంది, బంతిని ముట్టుకోలేదు. కానీ పక్కవాడు ముళ్ళపొదల్లో ఐదు నిమిషాలు వెతుక్కుంటూ ఉంటే నేను ఆకు చూసి నేరుగా వెళ్ళి తీసుకుంటే ఒళ్ళు మండదూ?

నిబంధనల నరసింహం | 7:32

ఐదు కాదు, 2019 నుంచి మూడు నిమిషాలే. వెతకడానికి ఎవరి సాయమైనా తీసుకోవచ్చు, క్యాడీ, ప్రేక్షకులు, దారిన పోయే తోటమాలి. కాబట్టి అంజనం వేసేవాడు వచ్చి చెప్పినా తప్పులేదు. మూడు నిమిషాల్లో అంజనం ఆరుతుందా అన్నదే అనుమానం.

మనసు చదివే శక్తి మాత్రం చిక్కే. పక్క ఆటగాణ్ణి "ఏ క్లబ్బు వాడావు?" అని అడగకూడదు, శిక్ష. తెలుసుకోవాలని అతని బ్యాగు ముట్టుకున్నా శిక్షే. ఊరికే కంటితో చూస్తే మాత్రం తప్పు లేదు. మనసులోకి తొంగి చూడటం ముట్టుకోవడమా, చూడటమా? దీని మీద నాకు నిద్ర పట్టడం లేదు, నిజం.

బంకర్ బుజ్జి | 7:50

సార్, రాత్రి నేను అష్టసిద్ధులు ఒక్కొక్కటే తీసుకుని ఆలోచించా. అణిమతో బంతిని చిన్నది చేసేస్తే గుంతలోకి సులువుగా వెళ్తుంది కదా?

నిబంధనల నరసింహం | 8:15

బుజ్జి, నువ్వు తెలియక అడిగినా మంచి చోట చెయ్యి పెట్టావు. బంతికి కొలతలున్నాయి. వ్యాసం 42.67 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. బరువు 45.93 గ్రాములకి మించకూడదు. గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు.

కాబట్టి అణిమతో బంతిని తగ్గిస్తే చెల్లదు. మహిమతో పెంచితే చెల్లుతుంది, ఎందుకంటే గరిష్ఠ వ్యాసం అంటూ లేదు. కానీ 108 దాటిస్తే గుంతలో పట్టదు, నీ ఖర్మ. గరిమతో గాల్లో కొట్టుకుపోకుండా బరువు పెంచితే 45.93 దాటుతుంది, చెల్లదు. లఘిమతో బరువు తగ్గిస్తే? కనీస బరువు అని పుస్తకంలో ఎక్కడా లేదు! దూదిపింజంత తేలిక చేసుకో, బరువు రూల్ నిన్నేమీ అనదు. అయితే గాలికి అది నీ వెనక్కే వచ్చి పడుతుంది.

ఇంకా తెలివిగా లఘిమ వాడొచ్చని మురిసిపోకు. బంతి గుణం మారేలా కావాలని ఏమైనా చేస్తే, గీకినా, వేడి చేసినా, ఏదైనా పూసినా, ఆ బంతితో ఆడినవాడు అవుట్. తపస్సు వేడి కూడా వేడే.

వైట్‌ఫీల్డ్ వాణి | 9:10

ఏదైనా పూసినా అన్నారు కదా, నా గుండె గుభేలుమంది. పోయిన ఆయుధపూజకి మా అత్తగారు కారుకీ, మిక్సీకీ, మా ఆయన లాప్‌టాప్‌కీ బొట్లు పెట్టి, హాల్లో మూలన ఉన్న నా గోల్ఫ్ బ్యాగు కూడా వదల్లేదు. పద్నాలుగు క్లబ్బులు, పద్నాలుగింటి మొహానికీ గంధం, పైన కుంకుమ. మర్నాడు అలాగే తీసుకెళ్ళాను, తుడిస్తే ఆవిడ నొచ్చుకుంటారని. మొదటి హోల్ దగ్గర డ్రైవర్ అనే పెద్ద క్లబ్బు తీస్తే క్యాడీ దానికి దణ్ణం పెట్టుకున్నాడు. ఆ రోజు డ్రైవ్‌లు నిజంగానే తిన్నగా పోయాయి, బంతి మీద ఎర్రగా అంటుకునేది. నేను మోసం చేసినట్టా ఇప్పుడు?

నిబంధనల నరసింహం | 9:25

అమ్మా, క్లబ్బు మొహానికి దాని పనితనం మారేలా ఏదైనా పూసి కొడితే అవుట్ చేస్తారు. మీ అత్తగారి ఉద్దేశం క్షేమమా, బంతి తిరుగుడు తగ్గించడమా అన్నది ఆవిడకే తెలియాలి. వచ్చే ఏడు బొట్టు కర్రకి పెట్టించుకోండి, మొహం తుడిచేయండి.

పాత క్యాడీ | మధ్యాహ్నం 1:40

నాది కుప్పం పక్క. పద్దెనిమిదేళ్ళు ఈ ఊళ్ళో బ్యాగులు మోసినాను. ఇప్పుడు మోకాళ్ళు పోయి షాపు పెట్టుకున్నా. రూల్స్ నాకు తెల్దు. బంతి ఎందుకు పడతాదో తెలుసు.

గుంత పొద్దున కొత్తగా కోసినప్పుడు అంచు కత్తితో కోసినట్టు నిటారుగా ఉంటాది. జనం చెయ్యి పెట్టి బంతి తీసి తీసి, జెండా కర్ర తగిలి తగిలి అంచు మెత్తబడతాది. ఒక్కో పక్క లోపలికి వాలతాది. బంతి అంచున ఆగిందంటే గట్టి నేల మీద ఆగలేదు, నాలుగు గడ్డిపోచల మీద ఆగింది. పోచలు బరువుకి మెల్లగా వంగతాయి. మంచు తడి ఉంటే ఇంకా. కంటికి తెలీదు. మీకు ఆగిపోయినట్టు కనిపిస్తాది, అది పడతానే ఉంటాది.

గుడికి పోయి ప్రసాదం తెచ్చి క్యాడీకి పెట్టి మరీ ఆడేవాళ్ళని చూసినా. తాయెత్తు పటర్‌కి కట్టుకున్న ఆయన్ని చూసినా, అది ఊగి ఊగి ఆయనకే గురి తప్పింది. నేను చూసిన శక్తి అంటే చిన్నస్వామి మునియప్ప. మా మాదిరే బ్యాగులు మోసినవాడు, 2009లో ఇండియన్ ఓపెన్ గెల్చినాడు.

హెచ్చెస్సార్ హరి | 2:05

ఈ థ్రెడ్‌లో సైన్సు మాట్లాడింది ఈయనొక్కరే. దండం అన్నా.

నా వైపు నుంచి ఒక పాయింట్. అసలు గోల్ఫ్‌లో ఏది ఆట, ఏది ఆట కాదు అన్న ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కేసీ మార్టిన్ అనే ప్రొఫెషనల్‌కి కాలిలో రక్తప్రసరణ జబ్బు, పద్దెనిమిది హోల్స్ నడవలేడు, బండి కావాలన్నాడు. పోటీలు నడిపే పీజీఏ టూర్ కాదంది. 2001లో కోర్టు 7-2తో అతని పక్షాన తీర్పిచ్చింది. నడక ఆటకి ప్రాణం కాదు, బంతి కొట్టడమే ప్రాణం అని సారాంశం. కాబట్టి అక్షహృదయం గారి లెక్క కాస్త మారుద్దాం. లఘిమతో మనిషే గాల్లో తేలుతూ హోల్ నుంచి హోల్‌కి వెళ్తే అది బండి ఎక్కినట్టు, అభ్యంతరం లేదు. బంతి తేలితేనే అభ్యంతరం.

అక్షహృదయం | 2:30

శక్తులు లేవని నిన్న థ్రెడ్ మూసేసినవారు ఇవాళ గాల్లో తేలేవాళ్ళకి పర్మిషన్లు ఇస్తున్నారు. సంతోషం.

విజయవాడ వంశీ | 3:10

దేవుడే వచ్చి బంతిని నెడితే? ఆటగాడు అడక్కుండానే?

నిబంధనల నరసింహం | 3:48

గాలి, నీరు, భూమ్యాకర్షణ లాంటి ప్రకృతి శక్తులు కదిలిస్తే శిక్ష లేదు, కొత్త చోటు నుంచి ఆడాలి. ఫ్యాన్ గాలి మాత్రం బయటి ప్రభావం. మరి వాయుదేవుడు స్వయంగా ఊదితే ప్రకృతా, ఫ్యానా? నేను ప్రకృతి అనే రాస్తాను, ఆయనతో పెట్టుకోను.

మిగతా దేవుళ్ళయితే బయటి వ్యక్తి కిందే లెక్క. గ్రీన్ మీద నుంచి కొట్టిన బంతిని బయటివాళ్ళు కావాలని మళ్ళిస్తే ఆ స్ట్రోకు లెక్కలోకి రాదు, మళ్ళీ కొట్టాలి. అంటే దేవుడు పుణ్యానికి గుంతలోకి నెట్టినా లాభం లేదు. కాకపోతే అది దేవుడే అని 95 శాతం ఖాయం కావాలి, ఆ శాతం రాబట్టడానికి మనుషులు ఎన్ని వేల ఏళ్ళుగా తంటాలు పడుతున్నారో మీకు తెలుసు.

ఇంత చెప్పినా నన్ను అసలు కలవరపెట్టేది వేరే. క్రికెట్‌లో అంపైర్ ఉంటాడు. మన ఆదివారం గోల్ఫ్‌లో ఎవరూ ఉండరు. ఎవరి శిక్ష వాళ్ళే వేసుకోవాలి. 1925 యుఎస్ ఓపెన్‌లో బాబీ జోన్స్ రఫ్‌లో (పొడుగు గడ్డిలో) నిలబడి కొట్టబోతుంటే బంతి రవ్వంత కదిలింది. అతను తప్ప ఎవరూ చూడలేదు, తనే చెప్పి ఒక స్ట్రోకు వేయించుకున్నాడు. తర్వాత ప్లేఆఫ్ ఆడాల్సి వచ్చి అందులో ఓడిపోయాడు. ఆ ఒక్క స్ట్రోకు లేకపోతే ప్లేఆఫ్ అవసరమే ఉండేది కాదు. శక్తి ఉన్నవాడికి ఆ నోరు కూడా ఉంటే నాకు పేచీ లేదు. "నేనే కదిలించాను, వేసుకో" అనాలి. అనకపోతే మోసం.

వైట్‌ఫీల్డ్ వాణి | 4:02

శక్తి ఉన్నవాడు నోరు విప్పడు సార్. చెబితే పోతుందని మన ఊళ్ళల్లో మంత్రాలన్నిటికీ అదే కండిషన్ కదా.

దోమ్లూరు ప్రసాదు | మంగళవారం రాత్రి 9:15

ఇవాళ సాయంత్రం మావయ్యగారికి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. కుక్క ముట్టె దగ్గర నవ్వారు. అక్షహృదయం గారి పోస్టు రెండుసార్లు చదివించుకుని, తాండ్రచెట్టు దగ్గర "బాగా చెప్పాడు" అన్నారు. బాబీ జోన్స్ దగ్గరికి వచ్చేసరికి కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ రోజు పొద్దున కార్లో నువ్వేగా బాబూ ఆ పది సెకన్ల సంగతి చెప్పావు" అన్నారు.

నేను చెప్పిన మాట నిజమే. గ్రీన్ చేరేసరికి నేనే మరిచిపోయాను.

ఆయన ఎడమ చేతికి పాత హెచ్ఎంటీ వాచీ ఉంటుంది, ఈ ఊళ్ళో తయారైందే. రోజూ కీ ఇస్తారు. నేను గుంత దగ్గరికి చేరి వంగిన క్షణం నుంచి సెకన్ల ముల్లు చూస్తూ లెక్కపెట్టారట. మణికట్టు పట్టుకున్నది అందుకు, పెదాలు కదిలింది అందుకు. బంతి పడేసరికి ముల్లు పదమూడు మీద ఉంది. చెబితే అల్లుడు ఓడిపోతాడు, చెప్పకపోతే అబద్ధమవుతుంది. అందుకని "చెప్పకూడదు" అన్నారు. రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదని మా ఆవిడ అంటే నేను ఊరు మారి అనుకున్నా.

నిబంధనల నరసింహం | 9:22

పది దాటింది కాబట్టి బంతి పడినట్టే, కానీ ఒక స్ట్రోకు శిక్ష కలపాలి. మీ నాలుగు ఐదైంది. స్కోరు సమానం. బిల్లు సగం సగం.

పెద్దాయనకి నా నమస్కారాలు చెప్పండి. ముల్లు చూసి లెక్కపెట్టేవాళ్ళు నాకు పోటీల్లో కూడా దొరకరు.

దోమ్లూరు ప్రసాదు | 9:30

లీడ్‌కి ఫోన్ చేసి చెప్పేశాను, సగం డబ్బు పంపాను. మంత్రం కాదని నమ్మడానికి వాచీ ఫొటో అడిగాడు. పంపాను.

బంకర్ బుజ్జి | 9:34

అంటే నా బంకర్‌కి ఆశ లేనట్టేనా.

హెచ్చెస్సార్ హరి | 9:41

నేను మొదటిరోజే చెప్పా. గడ్డిపోచలు, వాచీ, అంతే. కానీ ప్రసాదు గారూ, ఒక్కటి. పదో సెకనుకి లెక్క అయిపోయింది కదా. బంతి పడేదాకా పెదాలు కదులుతూనే ఉన్నాయని మీరే రాశారు. ఆ మిగతా మూడు సెకన్లు ఏమన్నారు?

దోమ్లూరు ప్రసాదు | 9:58

ఇప్పుడే వెళ్ళి అడిగొచ్చాను. మంచం మీద వాచీకి కీ ఇస్తున్నారు.

"పడవమ్మా, పిల్లాడు చూస్తున్నాడు, అన్నాను బాబూ" అన్నారు.

బంకర్ బుజ్జి | 9:59

అన్నా, వచ్చే ఆదివారం ఖాళీయేనా?